తాతగారి మండువాలో కానుకల కొట్టు పెట్టాలంటే

గోదావరి డెల్టాలో పాత మండువా ఇళ్ళకి ఇవాళ మూడు గతులే కనిపిస్తున్నాయి. పడగొట్టి అపార్ట్‌మెంటు లేపడం, సినిమా వాళ్ళకి షూటింగు అద్దెకివ్వడం, లేదా తాళం వేసేసి హైదరాబాదు వెళ్ళిపోవడం. నాలుగో దారి ఒకటుంది. ఇంటి ముందు భాగంలో మన ప్రాంతపు వస్తువులు, మిఠాయిలు పెట్టి, వెనక భాగంలో కాపురం ఉంటూ, కుటుంబమే నడుపుకునే కానుకల కొట్టు. కోట్లు వచ్చే వ్యాపారం కాదు. ఇంటి మరమ్మతు ఖర్చు ఇల్లే సంపాదించుకుని, ఇద్దరు ముగ్గురికి ఇంటిపట్టున జీతం దొరికితే అది బాగా నడిచినట్టే లెక్క.

ఇది నడుస్తుందా అని అడిగేవాళ్ళకి రాజమండ్రి రత్నం కలాలు చూపించొచ్చు. కె.వి. రత్నం గారు 1932లో మొదలుపెట్టిన పని అది. దేశంలో తయారైన కలం కావాలన్న గాంధీజీ మాట పట్టుకుని చేశారు. 1935 జూలైలో గాంధీజీ వార్ధా నుంచి మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద చేత్తో తిప్పి కలం చేసే ఆ పని ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. 2019లో జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్‌కి మన ప్రధాని ఇచ్చిన కానుకల్లో రత్నం కలం ఒకటి. ఒక్క వస్తువు, ఒక్క ఇంటిపేరు, ఒక్క ఊరు. ప్రకటనలకి డబ్బు పోయకుండానే తొంభై ఏళ్ళు దాటింది. కాకినాడ కోటయ్య కాజాదీ అదే తీరు. మనిషి పేరే సరుకు పేరైపోయింది.

నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది: కొట్లో ఉన్న ప్రతి వస్తువుకీ ఒక ఊరు, ఒక చెయ్యి ఉండాలి. అవి లేని వస్తువు ఎంత అందంగా ఉన్నా మీ గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

మొదటి పని: ఇల్లు ఎవరిదో తేల్చుకోండి

సరుకు గురించి ఆలోచించకముందే దస్తావేజులు బయటికి తీయండి. తాతగారి ఇల్లంటే చాలా చోట్ల పంపకం కాని ఉమ్మడి ఆస్తే. మీరు అక్కడే ఉంటున్నారు గనక మీదే అనుకుంటారు. అమెరికాలో ఉన్న తమ్ముడికీ, విజయవాడలో ఉన్న మేనత్తకీ అలా అనిపించకపోవచ్చు. ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా దేశమంతటా 2005 సవరణతో వచ్చింది. మన రాష్ట్రంలో అది అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఉంది. కాబట్టి “అత్తయ్యగారు ఏమీ అనరులెండి” అన్న ధీమా పనికిరాదు. కొట్టు నష్టాల్లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనరు, నిజమే. లాభం కనిపించిన ఏడాది సంక్రాంతికే మాట మొదలవుతుంది.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి. వాటాదారులందరితో ఒక ఒప్పందం రాయించుకోండి. ఏ గదులు కొట్టుకి, ఎన్నేళ్ళకి, అద్దె ఎంత, మరమ్మతు ఖర్చు ఎవరిది, మానేస్తే ఏమిటి. అద్దె నెలకి వెయ్యి రూపాయలైనా సరే, ఇచ్చి రసీదు తీసుకోండి. మర్యాదా నిలుస్తుంది, లెక్కా నిలుస్తుంది.

ఇంకొకటి. మీ ఇల్లు ద్రాక్షారామం గుడి లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడానికి దగ్గర్లో ఉందేమో కొలిపించండి. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతులకి కూడా ముందుగా అనుమతి కావాలి.

ఎవరు కొంటారో ముందే ఊహించుకోండి

కొత్తగా కొట్టు పెట్టేవాళ్ళంతా పర్యాటకుల మీదే ఆశ పెట్టుకుంటారు. పాపికొండల లాంచీలు, దిండి రిసార్టులు, కారు దిగి ఫొటోలు తీసుకునే కుర్రాళ్ళు. వీళ్ళు వస్తారు, మండువా మధ్యలో నిలబడి పైకి చూసి “భలే ఉందండీ” అంటారు, ఒక తాండ్ర పొట్లం కొనుక్కుని వెళ్తారు. వద్దనడం లేదు గానీ, వాళ్ళ మీద కొట్టు నిలబడదు.

మన ప్రాంతంలో కానుకకి అసలు చోటు పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఉంది. సారె, వాయనం, తాంబూలం, గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి ఇచ్చే రిటర్న్ గిఫ్టు. ఇంట్లో పెళ్ళయితే మూడొందల తాంబూలం సంచులు కావాలి, వాటిలో ఏదో ఒక వస్తువు పెట్టాలి. ఇప్పుడు ఆ వస్తువు ఎక్కడో తయారైన ప్లాస్టిక్ డబ్బా. దాని బదులు అజ్జరం ఇత్తడి కుంకుమ భరిణె, నరసాపురం లేసు అల్లిన చిన్న సంచి, కొబ్బరి చిప్ప గిన్నె పెట్టగలిగితే ఒక్క ఇంటి ఆర్డరు నెల రోజుల చిల్లర బేరంతో సమానం. అమ్మాయికి సారె పెట్టే తండ్రి నాలుగు రూపాయలు ఎక్కువైనా చూసుకోడు. సరుకు పల్చగా ఉంటే మాత్రం వియ్యాలవారి ముందు తలవంపు అనుకుంటాడు. అందుకే సారె బేరంలో ధరకంటే నాణ్యం ముఖ్యం. చెప్పిన తేదీకి ఇవ్వడం అంతకంటే ముఖ్యం.

గుడి దారి కూడా చూసుకోండి. ఆత్రేయపురం మండలంలో వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాల మొక్కు ఉంది, శనివారం వస్తే రోడ్డంతా జనమే. అయినవిల్లి వినాయకుడి గుళ్ళో కలాలకి పూజ చేసి విద్యార్థులకి పంచుతారు. అలాంటి దారిలో మీ ఇల్లుంటే వారంలో ఏ రోజు పొద్దున్నే తలుపు తీయాలో ఇంకొకళ్ళు చెప్పక్కర్లేదు.

సరుకు: పది రకాలు చాలు

యాభై రకాలు పెట్టిన కొట్లో ఏదీ గుర్తుండదు. పది రకాలు ఎంచుకోండి, ప్రతి దాని గురించీ పది నిమిషాలు మాట్లాడగలిగేలా ఉండండి. కొనడానికి మీరే వెళ్ళండి. ఫోను మీద తెప్పించిన సరుకు గురించి మీకు చెప్పడానికేమీ ఉండదు.

ఆత్రేయపురం పూతరేకులతో మొదలుపెట్టండి. 2023 జూన్‌లో వాటికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. అక్కడికి వెళ్తే కాసేపు రేకు తీసేచోట కూర్చోండి. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. నానబెట్టి మెత్తగా రుబ్బిన బియ్యప్పిండి నీళ్ళలా పల్చగా ఉంటుంది. అందులో తడిపిన గుడ్డని రెండు చేతులా పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగుతారు. గుడ్డ దాటిన చోట తెల్లటి పొర నిలుస్తుంది, అంచు తనంతట తనే లేస్తుంది, వేళ్ళతో తీసి పక్కన పెడతారు. ఇదంతా క్షణాల పని. మంట ఎక్కువైతే రేకు మాడుతుంది, తక్కువైతే అంటుకుపోతుంది. ఆకు ఎంత ఎగదోయాలో ఆ మనిషికి చెయ్యి చెబుతుంది. ఇది చూసినవాళ్ళు పూతరేకుల డబ్బా మీద బేరమాడరు. మీ కొట్లో ఆ పనిని చిన్న వీడియోగా చూపించినా చాలు.

పూతరేకుకి శత్రువు తేమ. వానాకాలంలో డబ్బా మూత తీసి మండువా పక్కన పెట్టారంటే మధ్యాహ్నానికి మెత్తబడిపోతాయి. స్టీలు డబ్బాలో, మూత బిగించి, లోపలి గదిలో ఉంచండి. రుచి చూపించడానికి ఒకటి ముక్కలు చేసి పెట్టుకోండి. చక్కెరవీ బెల్లంవీ వేరువేరుగా ఉంచి, తయారీ తేదీ డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయండి. రోజులు దాటినవి చుట్టాలకి కూడా పంపకండి. ఆత్రేయపురం వెళ్ళినప్పుడే మామిడి తాండ్ర కూడా చూడండి, తాపేశ్వరం మడత కాజా ఇంకో దారిలో పట్టుకోండి. మిఠాయిలు ఈ మూడు చాలు. ఊరగాయలు కావాలంటే ఉసులుమర్రు ఉంది.

రెండోది నరసాపురం లేసు. స్కాట్లాండు నుంచి వచ్చిన మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన అల్లిక. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు మధ్యాహ్నం అరుగుల మీద కూర్చుని అల్లుతూ కనిపిస్తారు. దీనికి 2024లో జీఐ వచ్చింది. కొనేటప్పుడు గుడ్డ తిప్పి వెనక చూడండి. పువ్వుకీ పువ్వుకీ కలిపిన చోట ముడి గట్టిగా ఉందా, దారం కొస లోపలికి దూర్చారా, కత్తిరించి వదిలేశారా? కొస వదిలేసిన ముక్క రెండు ఉతుకులకి విడిపోతుంది. ఒక ముక్క కొని మీ ఇంట్లోనే ఉతికి, ఆరేసి, ఎంత ముడుచుకుందో చూశాకే ఆర్డరివ్వండి. క్రోషే అల్లికని యంత్రం అచ్చంగా చెయ్యలేదు, యంత్రం చేసేది దాని పోలికే. పక్కపక్కన పెట్టి చూపిస్తే కొనేవాళ్ళకే తెలుస్తుంది.

ఇక్కడ ఒక చేదు సంగతి చెప్పాలి. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో ఈ లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళని ఇంట్లో ఖాళీగా ఉన్న గృహిణులుగా లెక్కగట్టి, పనికి తగ్గ కూలి ఇవ్వకుండా మధ్యవాళ్ళు, ఎగుమతిదారులు బాగుపడ్డారన్నది అందులో సారం. నలభై ఏళ్ళు దాటినా ఆ మాట పూర్తిగా పాతబడిందని నేను అనుకోను. మీది చిన్న కొట్టు. పది మంది అల్లేవాళ్ళతో నేరుగా మాట్లాడుకోగలరు. దారం మీరు కొనివ్వండి, ముక్క చేతికి రాగానే డబ్బు చేతిలో పెట్టండి. “అమ్ముడయ్యాక ఇస్తామమ్మా” అనే పద్ధతి ఈ సరుకుకి వద్దు. వాళ్ళకి లేసు డబ్బు గ్యాసు బండకో, పిల్లల ఫీజుకో అప్పటికప్పుడు కావలసిన డబ్బు.

మూడోది ఇత్తడి. తణుకు దగ్గర అజ్జరం దీనికి పెట్టింది పేరు. కిలో లెక్కన కొంటారు, రేటు పాత ఇత్తడి ధరతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. గంటైతే మోగించి చూడండి. కుంది అయితే బల్ల మీద పెట్టి వేలితో కదపండి, అడుగు సమంగా లేకపోతే ఊగుతుంది. పెద్ద సామాను జోలికి మొదట్లో పోకండి. అరచేతిలో పట్టే భరిణెలు, చిన్న కుందులు, గంటలు చాలు.

బట్టలు తప్పకుండా పెట్టాలనుకుంటే ఉప్పాడ జాందానీ ఉంది. 2009 నుంచి జీఐ ఉన్న చీర. కానీ డబ్బు ఇరుక్కుపోతుంది. ఒక్క చీర వేలల్లో ఉంటుంది, అమ్మకపోతే బీరువాలోనే ముసలిదవుతుంది. బండార్లంక, పులుగుర్త నూలు తువ్వాళ్ళు, పంచెలు, దుప్పట్లతో మొదలుపెట్టి, జాందానీ ఆర్డరు మీద తెప్పించి ఇవ్వడం క్షేమం. కొబ్బరి పీచు, చిప్ప వస్తువులకి అంబాజీపేట చుట్టూ తిరగండి. కాయర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం రాజమండ్రిలోనే ఉంది, తయారీదారుల వివరాలు అక్కడ అడగొచ్చు. రాజమండ్రి కలం ఒకటి గాజు బీరువాలో పెట్టండి. నెలకి ఒకటి అమ్ముడైనా కొట్టుకి అందం.

కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక బొమ్మలు పెట్టొచ్చా అని అడుగుతారు. గొప్ప బొమ్మలే. కానీ అవి ప్రతి విమానాశ్రయంలోనూ దొరుకుతాయి. మీ గుమ్మం దాకా వచ్చినవాళ్ళు గోదావరి కోసం వచ్చారు.

బాపు బొమ్మలు కప్పుల మీద, సంచుల మీద వేయించి అమ్ముదామని చాలామందికి తడుతుంది, ఆయన పుట్టింది నరసాపురమే గనక. బాపుగారు 2014లో పోయారు. మన చట్టం ప్రకారం కళాకారుడు పోయాక 60 ఏళ్ళ దాకా కాపీరైటు ఉంటుంది. కుటుంబం అనుమతి లేకుండా వేయించకండి. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లోనే పోయారు గనక ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా ఆయన పేరున ఉన్న గ్యాలరీలో ఫొటో తీసుకోవాలంటే అక్కడివాళ్ళని అడిగి తీసుకోవడమే పద్ధతి.

ఇంటి మీద చెయ్యి వేసే ముందు

కొత్తవాళ్ళ డబ్బు ఎక్కువగా మునిగేది ఇక్కడే. పాత గోడ ఉబ్బితే, పెచ్చులు రాలితే మేస్త్రి సిమెంటు పూద్దామంటాడు. ఒప్పుకోకండి. మండువా ఇళ్ళ గోడలు ఇటుకా సున్నంతో కట్టినవి. డెల్టాలో నేలకింద నీరు పైపైనే ఉంటుంది, గోడ అడుగు నుంచి చెమ్మ పైకి పాకుతుంది. సున్నపు పూత ఆ చెమ్మని బయటికి వదిలేస్తుంది. సిమెంటు పూత వదలదు. అది లోపలే చిక్కుకుని పైకి ఎగబాకి, దూలం ఆనిన చోట చెక్కని నానబెడుతుంది. రెండేళ్ళలో సిమెంటు పెచ్చు గోడ ఇటుకని కూడా పట్టుకుని ఊడుతుంది. గోడకి ఉప్పు పూసినట్టు తెల్లగా పొడి రాలుతుంటే చెమ్మ తిరుగుతోందని అర్థం. మళ్ళీ సున్నమే వేయించండి. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, దొరికితే ఆయన తీరిక కోసం ఆగైనా సరే ఆయనతోనే చేయించుకోండి. పై రంగు కూడా సున్నమే, ప్లాస్టిక్ ఎమల్షన్ కాదు.

తర్వాత పైకప్పు. వాన పడుతున్నప్పుడు టార్చి పట్టుకుని అటకెక్కండి. ఏ పెంకు కింద వాసం నల్లబడిందో అప్పుడే తెలుస్తుంది, ఎండలో తెలియదు. 1996 నవంబరు తుపానుకి కోనసీమలో పెంకులు లేచిపోని ఇల్లు తక్కువ. ఆ తర్వాత ఎవరో హడావిడిగా సర్దిన పెంకులు మీ ఇంటి మీద ఇంకా అలాగే ఉండొచ్చు. నాలుగు వందల పెంకులు పాతవే కొని పెరట్లో పేర్చి పెట్టుకోండి, ఎక్కడైనా పాత ఇల్లు పడగొడుతుంటే చవగ్గా దొరుకుతాయి. చెదలు దూలంలో ఉన్నాయో లేదో తెలియాలంటే సుత్తి పిడితో తట్టండి, బోలుగా మోగిన చోట చూడాలి.

మండువా తూము ముందు బాగుచేయించండి. ఆకాశం నుంచి పడ్డ నీరంతా పోవలసింది ఆ ఒక్క కన్నం లోంచే. అది మూసుకుపోతే ఒక్క రాత్రి వానకి సరుకు నీళ్ళల్లో ఉంటుంది. మండువా పైన ఫైబరు రేకు వేసి మూసేయాలని అనిపిస్తుంది. మూస్తే ఇల్లు ఉక్కపోతతో ఉడికిపోతుంది, వచ్చినవాళ్ళు పైకి చూడటానికి ఏమీ ఉండదు. కావాలంటే చుట్టూ చూరుకి చాపలాంటి తెరలు కట్టి, జల్లు కొట్టినప్పుడు దించుకోండి.

లంక గ్రామాల్లో, ఏటిగట్టు పక్కన ఉన్నవాళ్ళు ఇంకో లెక్క నేర్చుకోవాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో మీ ఇంట్లోకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో పెద్దవాళ్ళనడిగి గోడ మీద గీత గీయండి. బీరువా అడుగు అర ఆ గీతకి పైన ఉండాలి. రెండో హెచ్చరిక రాగానే సరుకు అటకెక్కాలి, మూడోది వచ్చాక మొదలుపెడితే కుదరదు.

కరెంటు తీగలు కొత్తగా వేయించండి. టేకు దూలాల పక్కన యాభై ఏళ్ళనాటి వైరుతో స్పాట్ లైట్లు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. ఇంట్లో వ్యాపారం మొదలుపెడితే కరెంటు కనెక్షను ఇంటి కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి మార్పించుకోవాలి. మార్చకుండా నడిపి పట్టుబడితే జరిమానా పడుతుంది. పెరటివైపు శుభ్రమైన టాయిలెట్టు ఒకటి కట్టించండి. గుళ్ళు తిరిగొచ్చే పెద్దవాళ్ళు కొట్టు గుర్తుపెట్టుకునేది చాలాసార్లు దీని వల్లే, చెప్పడానికి మొహమాటపడతారు అంతే.

ఎక్కడ ఏది పెట్టాలి

వీధి అరుగు మీద ఏమీ అమ్మకండి. అది కూర్చోవడానికి. మంచినీళ్ళ కూజా, చాప చాలు. కూర్చున్న మనిషి లోపలికి వస్తాడు. ముందు వసారాలో చవకైన, బరువు తక్కువ వస్తువులు. మండువా చుట్టూ నాలుగు వసారాల్లో ఒక్కో వైపు ఒక్కో రకం: లేసు వెలుతురు బాగా ఉన్న వైపు, ఇత్తడి నీడ వైపు, మిఠాయి లోపలి గదిలో. అద్దాల షోకేసులు కొనక్కర్లేదు. మీ గాదె, భోషాణం, పందిరి మంచం, ఆవకాయ జాడీలు ఉన్నాయిగా. వాటి మీద పరిస్తే వస్తువు ఎలా వాడాలో కూడా తెలుస్తుంది. “ఆ భోషాణం అమ్ముతారా అండీ” అని రోజుకొకరు అడుగుతారు. అమ్మమని మర్యాదగా చెప్పి, ఆ మాటతోనే పక్కన ఉన్నది చూపించండి.

దేవుడి గది, వంటిల్లు గుమ్మం దగ్గర గొలుసు కట్టండి. కాపురం ఉన్న ఇల్లని తెలియడం మంచిదే, లోపలికి తొంగిచూడటం మంచిది కాదు. ఆఖరికి ఇంటి ఆడవాళ్ళకి మధ్యాహ్నం నడుం వాల్చే చోటు కూడా లేకుండా పోయిన ఇళ్ళున్నాయి. ఒంటిగంట నుంచి మూడింటి దాకా తలుపు మూయండి, ఆ సంగతి బోర్డు మీద రాయండి.

కాగితాలు

పంచాయతీ లేదా మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు. కార్మిక శాఖ దగ్గర దుకాణాల చట్టం కింద రిజిస్ట్రేషను. తినేవి అమ్ముతారు గనక ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను. ఆ 14 అంకెల నంబరు కొట్లో కనిపించేలా పెట్టాలి. మీరు ప్యాక్ చేసి అమ్మే ప్రతి పొట్లం మీద పేరు, బరువు, ఎంఆర్‌పీ, తయారీ తేదీ, మీ చిరునామా ఉండాలి. “ఇంట్లో చేసినవేనండి” అంటే తూనికలు కొలతల వాళ్ళు ఊరుకోరు. చిన్న వ్యాపారాలకుండే ఉద్యం రిజిస్ట్రేషను ఉచితం, డబ్బులడిగే ఏజెంట్లకి ఇవ్వకండి.

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులమ్మేవాళ్ళకి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషను తప్పనిసరి. తమాషా ఏమిటంటే పక్కనే ఉన్న యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది గనక అక్కడ ఆ హద్దు 20 లక్షలే. వేరే రాష్ట్రాలకి పార్శిళ్ళు పంపే ఆలోచన ఉంటే నిబంధనలు మారతాయి, మొదటి పార్శిలు కట్టకముందే ఆడిటరుతో మాట్లాడండి.

జీఐ పేరు వాడేటప్పుడు జాగ్రత్త. ఆత్రేయపురం పూతరేకులు అని రాసి ఇంకెక్కడో చేసినవి అమ్మితే అది తప్పుడు పేరు పెట్టడమే కాదు, చట్టం ప్రకారం నేరం కూడా.

ధర, పద్దు

లేసు బల్లగుడ్డ ఒకటి మీకు 400కి పడిందనుకోండి. రవాణా, ప్యాకింగు, పాడైపోయే వాటా కలిపి ఇంకో 50. ఇంటి అద్దె, కరెంటు, కూర్చున్న మనిషి జీతం ఇవన్నీ దాని మీదే రావాలి. 650కి తగ్గితే మీరు కొట్టు నడపడం లేదు, సేవ చేస్తున్నారు. ధర కాగితం మీద రాసి అంటించండి. మనిషిని చూసి చెప్పే ధర ఒక్కసారే పనిచేస్తుంది.

కుటుంబ వ్యాపారాన్ని లోపల్నుంచి తినేసేవి రెండు. ఒకటి అరువు. “మనవాళ్ళేగా, సంక్రాంతికి ఇస్తార్లే” అన్న పద్దులు ఏ సంక్రాంతికీ తీరవు. రెండోది ఇంటివాళ్ళు తీసుకున్న సరుకు. మనవడు తిన్న కాజా దగ్గర్నుంచి పక్కింటి పేరంటానికి అమ్మ పట్టుకెళ్ళిన భరిణె దాకా ప్రతిదీ పుస్తకంలో రాయండి. డబ్బు వెయ్యక్కర్లేదు, రాస్తే చాలు. ఏడాది చివర ఆ మొత్తం చూస్తే ఇంట్లో అందరికీ తెలివొస్తుంది. కౌంటరు దగ్గర కూర్చునే కోడలికి, కూతురికి నెల జీతం వాళ్ళ ఖాతాలోనే వెయ్యండి. ఇది ఎంతమందికి చెప్పినా “మనలో మనకి జీతాలేమిటండీ” అంటారు. అక్కడే మొదలవుతుంది అసలు గొడవ.

ఇంటి కథ ఒక్క కాగితం మీద

వచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న “ఈ ఇల్లు ఎన్నేళ్ళది?” మూడొందల ఏళ్ళని చెప్పేయడం తేలిక. కానీ డెల్టా చరిత్ర కాస్త తెలిసినవాడెవడూ నమ్మడు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర కాలవలు వచ్చాక, వరి పండి చేతిలో డబ్బు ఆడాక లేచినవే ఈ పెద్ద లోగిళ్ళలో చాలామటుకు. మీది 1910 నాటిదైతే 1910 అనే రాయండి. ద్వారబంధం మీద చెక్కిన ఏడాది, పాత దస్తావేజు, గృహప్రవేశం నాటి శుభలేఖ, పునాది సమయంలో పుట్టినవాళ్ళ వయసు, వీటిలో రెండు కలిస్తే ఆ తేదీ నిలుస్తుంది. కట్టిన మేస్త్రి పేరు తెలిస్తే తప్పకుండా రాయండి. కట్టించినవాళ్ళ పేరు అందరూ రాస్తారు. వెనకవైపు మీ దగ్గర దొరికే వస్తువులు ఏ ఊరివో చిన్న పటం గీయించి ప్రతి పొట్లంలోనూ పెట్టండి.

తలుపు తీసే ముందు, తీశాక

అమెరికాలో వెర్మాంట్ కంట్రీ స్టోర్ అని ఒక కుటుంబపు కొట్టుంది, పల్లెటూరి పాత భవనంలో 1946లో తెరిచారు. కొట్టు కంటే ఏడాది ముందే వాళ్ళు చిన్న జాబితా పుస్తకం అచ్చు వేసి, క్రిస్మస్ కార్డులు పంపే స్నేహితులకి, బంధువులకి పోస్టు చేశారు. మీరూ అదే చేయండి. పెళ్ళి శుభలేఖలు పంచినప్పటి చిరునామాల పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వాట్సాప్‌లో పది వస్తువుల ఫొటోలు, ధరలు వాళ్ళకి పంపండి. ఏది అడుగుతున్నారో చూసి సరుకు తెచ్చుకోండి.

విదేశాల వాళ్ళు పార్శిలు పంపమంటారు. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్ళకున్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. కాబట్టి కొరియరు ఖర్చుతో పాటు సుంకం ఎవరు కట్టాలో ముందే చెప్పండి. లేసు, నూలు బట్టలు తేలిగ్గా వెళ్తాయి. ఇత్తడి బరువుకి కొరియరు ఖర్చే వస్తువు ఖరీదు దాటుతుంది. పూతరేకులు దారిలో పొడైపోయి ఫోను వస్తుంది. అక్కడివాళ్ళకి ఒకటే మాట చెప్పండి: “సంక్రాంతికి వస్తారుగా, కట్టి ఉంచుతామండి.”

నిజానికి ఏడాది మొత్తం బేరంలో పెద్ద ముక్క ఆ సంక్రాంతి వారమే. ఊళ్ళకి కార్లు దిగుతాయి, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి జనం కదులుతారు, తిరిగి వెళ్ళేటప్పుడు ప్రతి డిక్కీలోనూ ఏదో ఒకటి ఎక్కాలి. దానికి లేసు ఆర్డరు శ్రావణంలోనే ఇవ్వాలి, అల్లిక నెలల పని. ఇత్తడికి దసరా వెళ్ళగానే మాట్లాడండి. పూతరేకులకి మాత్రం భోగికి వారం ముందు రోజువారీ లెక్క చెప్పి, ప్రతి ఉదయం తాజావి తెచ్చుకునేలా మాట్లాడుకోండి. శ్రావణం, మాఘం, ఫాల్గుణం పెళ్ళి ముహూర్తాలు పంచాంగంలో చూసి గోడకి రాసుకోండి. ఆషాఢంలో బేరం ఉండదు, ఆ నెల పెంకులు సర్దుకోవడానికి, గోడలకి సున్నం వేయడానికి అనుకుంటే పొరపాటు, అప్పటికి వానలు దిగుతాయి. సున్నం పని మాఘంలోనే పెట్టుకోండి. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజుల కోసం ఇప్పుడే కొట్టు పెడదామనుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. అప్పటికి ఒక సంక్రాంతి, ఒక పెళ్ళిళ్ళ సీజను చేసి చెయ్యి తిరిగినవాళ్ళకే ఆ రద్దీ పనికొస్తుంది. మొదటి బేరం పుష్కరాల్లోనే చేద్దామనుకుంటే, సరుకు సగం మిగులుతుంది.